పెల్లెట్ సంగతి తర్వాత, ముందు డిశ్చార్జి కాయితం వెతకండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 47, ఊరు పాలకొల్లు దగ్గర. 36 ఏళ్లకే గర్భసంచి తీయించుకున్నారు. నాలుగేళ్ల నుంచి ఒంట్లో సెగలు, రాత్రిళ్లు చెమటలు, నిద్ర లేదు, మోకాళ్లు పట్టేస్తున్నాయి. డాలస్‌లో ఉన్న మీ ఆడపడుచు తుంటి దగ్గర హార్మోన్ పెల్లెట్ (చర్మం కింద పెట్టే చిన్న మందు గుళిక) పెట్టించుకుని "పదేళ్లు వెనక్కి వెళ్లినట్టుంది వదినా" అందట. ఇక్కడా ఎక్కడో పెడుతున్నారని ఎవరో చెప్పారు. పెట్టించుకోవచ్చా, మాత్రల కన్నా మంచిదా, క్యాన్సర్ వస్తుందా అని అడిగారు.

కోనసీమలో ఆడవాళ్ల డాక్టరుగా నాది 28 ఏళ్ల ప్రాక్టీసు. మీరు అన్నీ రాశారు గానీ నాకు కావలసిన ఒక్క సంగతి రాయలేదు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారా, ఉంచారా? రాయకపోవడం మీ తప్పు కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఆ మధ్య రాజోలు వైపు నుంచి ఒకామె వచ్చింది. ఇంచుమించు మీ వయసే. ఆమె నోరు విప్పేలోపే వాళ్లాయన అందుకున్నాడు: "పుష్యమాసంలో కూడా ఫ్యాను ఎయ్యమంటాదండి, నేను ముసుగు తన్ని పడుకుంటే తనేమో దుప్పటి అవతల పారేత్తాదండి, ఆయ్." పాత ఫైలు ఏదైనా ఉందా అంటే చీరల షాపు కవరు ఒకటి తీసింది. ఆధార్ జిరాక్సులు, కరెంటు బిల్లులు, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టి మడతల దగ్గర చిరిగిపోయిన డిశ్చార్జి కాయితం. ఇంకు వెలిసిపోయింది, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదవాల్సి వచ్చింది. టీఏహెచ్ అని రాసి, పక్కన ప్లస్ గుర్తు పెట్టి, బీఎస్ఓ అని ఉంది. టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచి తీయడం. బీఎస్ఓ అంటే రెండు వైపులా ట్యూబులు, అండాశయాలు కూడా తీసేయడం. ఆపరేషన్ నాటికి ఆమెకి 34. అంటే పదమూడేళ్లుగా ఆమె ఒంట్లో అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోన్ దాదాపు లేనట్టే. ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. "అన్నీ తీసేశాం, ఇంక గొడవ లేదు" అని పంపేశారట.

ఒకరిని అని ఏం లాభం, ప్రాక్టీసు మొదట్లో ఆ మాట నేనూ అన్నాను. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువగా అవుతోందనో వస్తే, ఉంచితే క్యాన్సర్ అవుతుందేమోనని ఇంట్లోవాళ్లే తీసెయ్యమనేవాళ్లు. ఎలాగూ కోస్తున్నాం కదా అని అండాశయాలూ తీసేసిన కేసులు నా చేతుల మీదుగా కూడా ఉన్నాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9. హార్మోన్ చికిత్స గురించి డాలస్‌లో కంటే డెల్టాలోనే ఎక్కువ మాట్లాడుకోవాలని నేను అనేది అందుకే.

ఇప్పుడు మీ విషయం. అండాశయాలు కూడా తీసేసి ఉంటే సెగలు ఆపరేషనైన కొద్ది రోజులకే, చాలా గట్టిగా మొదలవ్వాలి. మీకు నాలుగేళ్ల నుంచే అన్నారు, అంటే 43వ ఏట. కాబట్టి వాటిని ఉంచే ఉంటారని, అవి ఇప్పుడు పనిచేయడం మానేశాయని నా అంచనా. గర్భసంచి తీసేశాక, అండాశయాలు ఉంచినా, అవి మామూలు కన్నా కాస్త ముందే అలిసిపోవడం ఉంది. మన దేశంలో ముట్లుడిగే వయసే సగటున 46, 47. మీకు గర్భసంచి లేదు కాబట్టి ఎప్పుడు ఆగిందో చెప్పే నెలసరి గుర్తు లేదు. అందుకే ఎఫ్ఎస్‌హెచ్, ఎస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రకం) అనే, అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో చెప్పే రెండు రక్తపరీక్షలు మీ విషయంలో పనికొస్తాయి. వాటితో పాటు టీఎస్‌హెచ్ తప్పనిసరి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఇలాగే చెమటలు, గుండెదడ, నిద్రలేమి.

అన్నట్టు, మన ఊళ్లలో ఉక్కపోతకీ సెగకీ తేడా పట్టడం కూడా ఒక పనే. ఉక్కపోత ఒళ్లంతా ఒకేలా ఉంటుంది, పక్కవాళ్లకీ పోస్తుంది. సెగ అలా కాదు. గుండెల దగ్గర మొదలై మెడ మీదుగా మొహానికి ఎక్కుతుంది, రెండు మూడు నిమిషాలు ఉంటుంది, తర్వాత చెమట పట్టి చలేస్తుంది.

ఇక పెల్లెట్. ఆ మాట వినగానే మన చెరువులవాళ్లకి రొయ్యల మేత గుర్తొస్తుంది. ఇదీ గుళికే. హార్మోన్ పొడిని గట్టిగా నొక్కి చేస్తారు. బియ్యపుగింజంత అని చెబుతారు గానీ మన స్వర్ణ బియ్యం గింజ కాదు, దానికంటే లావు. 75 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ (మగవాళ్లలో ఎక్కువగా ఉండే హార్మోన్) గుళిక సుమారు 9 మిల్లీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పిరుదు పైభాగాన కొవ్వు ఉన్నచోట మత్తు ఇంజక్షన్ ఇచ్చి, చిన్న గాటు పెట్టి, లావుపాటి సూదిలాంటి గొట్టంతో చర్మం కిందకి తోసేస్తారు. కుట్లు కూడా అక్కర్లేదు, పైన అంటించే పట్టీ చాలు. పది నిమిషాల పని. పొలంలో యూరియా చల్లితే చాలా భాగం వృథా పోతుంది, గుళిక చేసి వేళ్ల దగ్గర పాతితే నిదానంగా అందుతుంది కదా, సూత్రం అదే. పైపైన కరుగుతూ మూడు నాలుగు నెలలపాటు రక్తంలోకి హార్మోన్ వదులుతుంది. అయిపోయాక మళ్లీ ఇంకోటి.

దీనివల్ల లాభం లేదని నేను అనను. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మింగిన మందు ముందు కాలేయానికి వెళ్తుంది, అక్కడ రక్తం గడ్డకట్టే పదార్థాలు పెరుగుతాయి. చర్మం కింద నుంచి వెళ్లేదానికి ఆ దారి తప్పుతుంది. మాత్ర పడనివాళ్లకీ, చెమటకి ఒంటి మీద హార్మోన్ ప్యాచ్ అంటుకోనివాళ్లకీ ఇదొక దారి. ఈస్ట్రోజెన్ ఏ దారిన ఒంట్లోకి వెళ్లినా సెగలు బాగా తగ్గుతాయి. మాత్రల మీద జరిగిన మంచి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే వారంలో వచ్చే సెగల సంఖ్య నాలుగింట మూడు వంతులు తగ్గింది. నిద్ర పడుతుంది, యోనిలో పొడితనం పోతుంది, ఎముకలు నిలుస్తాయి. మీ ఆడపడుచు చెప్పేది అబద్ధం కాదు.

ఇందులో కొత్తదనం మాత్రం ఏమీ లేదు. గుళికని చర్మం కింద పెట్టడం 1930ల చివర్లోనే మొదలైంది. 1972లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ టెస్టోస్టెరాన్ గుళికలకి ఆమోదం ఇచ్చింది, అదీ మగవాళ్లకి, హార్మోన్ లోపం ఉన్నవాళ్లకి. ఆడవాళ్ల కోసమని ఆ సంస్థ ఆమోదించిన పెల్లెట్ ఒక్కటీ లేదు. ఆడవాళ్లకి పెట్టేవన్నీ కాంపౌండింగ్ ఫార్మసీల్లో (చీటీ చూసి విడిగా మందు కలిపి ఇచ్చే షాపుల్లో) తయారుచేయించుకునేవి. కంపెనీ మాత్రకి ఉండేటన్ని పరీక్షలు వాటికి ఉండవు. ఈ రకం మందులన్నిటినీ పరిశీలించి అమెరికా జాతీయ అకాడమీల కమిటీ 2020లో ఒక నివేదిక ఇచ్చింది. పనిచేస్తాయనీ, భద్రమనీ చెప్పడానికి తగిన ఆధారాలు లేవు, వాడకం తగ్గించాలి అని అందులో తేల్చింది.

ఇందులో "బయోఐడెంటికల్" అనే మాట బాగా అమ్ముడుపోతోంది. మన ఒంట్లో తయారయ్యే హార్మోన్‌తో అచ్చంగా సరిపోయేది అని అర్థం. మెక్సికోలో దొరికే ఒక జాతి అడవి పెండలం నుంచో, సోయా నుంచో ముడిపదార్థం తీసి ల్యాబులో ఎస్ట్రడయోల్‌గా మారుస్తారు. (మన పెరట్లో పెండలం ఉడకబెట్టుకు తింటే హార్మోన్ రాదు, ఆ మార్పు మన ఒంట్లో జరగదు. ఎవరో అడిగారని చెబుతున్నాను.) అయితే మన మందుల షాపులో దొరికే ఎస్ట్రడయోల్ జెల్ కూడా అచ్చంగా అదే పదార్థం. ఎస్ట్రడయోల్ వాలరేట్ మాత్ర ఒంట్లోకి వెళ్లాక ఎస్ట్రడయోలే అవుతుంది. పెల్లెట్‌లో మాత్రమే ఉన్నది, వీటిలో లేనిది ఏదీ లేదు.

నాకు పెల్లెట్‌తో ఉన్న పేచీ వేరు. పెట్టేశాక మన చేతిలో ఉండదు. లాకు తలుపు అయితే నీళ్లు ఎక్కువైనప్పుడు దించుకోవచ్చు, ధవళేశ్వరం దాటి కిందకి వచ్చేసిన వరదని వెనక్కి పిలవలేం.

రెండేళ్ల క్రితం సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చినామె ఒకరు భోగి నాడు ఫోన్ చేశారు. 52 ఏళ్లు, నెలసరి ఆగి మూడేళ్లు, మళ్లీ బ్లీడింగ్. రెండు నెలల కింద మూడోసారి పెల్లెట్ పెట్టించుకున్నారట, ఎస్ట్రడయోల్, టెస్టోస్టెరాన్ రెండూ. ఆమెకి గర్భసంచి ఉంది. ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ వేసుకుని తీరాలి, లేకపోతే గర్భసంచి లోపలి పొర పెరుగుతూ పోతుంది, అది క్యాన్సర్‌కి దారి తీయొచ్చు. రాత్రి వేసుకోమని ఇచ్చిన ఆ మాత్ర తల తిరుగుతోందని ఈమె మానేశారు. స్కాన్‌లో పొర 11 మిల్లీమీటర్లు. ముట్లుడిగాక బ్లీడింగ్ అయినవాళ్లలో 4 దాటితేనే మేం ముక్క తీసి పరీక్షకి పంపుతాం. వాళ్లాయన ఒకటే అడగడం, "ఆ గుళిక తీసెయ్యండి డాక్టరుగారూ, అయిపోద్ది కదా" అని. కొవ్వులో కరుగుతున్న గుళికని రెండు నెలల తర్వాత ఎక్కడని వెతకను? బయాప్సీ చేసి, ప్రొజెస్టెరాన్ మళ్లీ మొదలుపెట్టి, అది కరిగిపోయేదాకా కాపలా కాయడం తప్ప నా చేతిలో ఏం లేదు. అదృష్టం బాగుండి రిపోర్టులో క్యాన్సర్ లేదు. పండగ మూడు రోజులూ ఆ ఇంట్లో ఉన్న టెన్షన్ మాత్రం నాకు తెలుసు.

ఇదేదో ఒకామెకి మాత్రమే జరిగింది కాదు. 2021లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో పెల్లెట్ పెట్టించుకున్నవాళ్లనీ, ఆమోదం ఉన్న మామూలు హార్మోన్ మందులు వాడినవాళ్లనీ పోల్చారు. దుష్ఫలితాలు పెల్లెట్‌వాళ్లలో 57.6 శాతం మందికి, మామూలు మందులవాళ్లలో 14.8 శాతం మందికి. రక్తంలో హార్మోన్ మట్టం కూడా పెల్లెట్‌వాళ్లలోనే చాలా ఎక్కువ.

ఆ మట్టం గురించి ఇంకో మాట. కొంతమందికి గుళిక ఇంకా పనిచేస్తుండగానే, రక్తంలో ఎస్ట్రడయోల్ బోలెడు ఉండగానే, సెగలు తిరిగి వస్తాయి. ఎక్కువ మట్టానికి ఒళ్లు అలవాటు పడిపోతుంది. అప్పుడు వాళ్లు అయిపోయిందనుకుని గడువుకి ముందే ఇంకోటి పెట్టించుకుంటారు. మట్టం ఇంకా ఎక్కుతుంది. అలా నెలలు జరిగినవాళ్లకి ఆపేశాక కూడా చాలా కాలం హార్మోన్ దిగదు.

"పదేళ్లు వెనక్కి వెళ్లినట్టుంది" అన్నదానిలో టెస్టోస్టెరాన్ వాటా ఎంతో కనుక్కోండి. ఆడవాళ్లకి టెస్టోస్టెరాన్ ఎందుకు ఇవ్వొచ్చన్నదాని మీద 2019లో అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి ఒక మాట మీదకి వచ్చాయి. ముట్లుడిగాక దాంపత్యం మీద ఆసక్తి బాగా తగ్గి, దానివల్ల మనసు కష్టపెట్టుకుంటున్నవాళ్లకి ఉపయోగం ఉంది. ఓపిక, జ్ఞాపకశక్తి, బరువు తగ్గడం లాంటివాటికి ఇవ్వడానికి ఆధారం లేదు. ఆడవాళ్లలో ఉండాల్సిన మట్టాన్ని దాటించేసే పెల్లెట్లు, ఇంజక్షన్లు వద్దని అందులోనే ఉంది. మట్టం దాటితే మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు, నడినెత్తిన జుట్టు పల్చబడడం. గొంతు బొంగురుపోతే మాత్రం మందు ఆపినా మళ్లీ మామూలుగా రాదు. మీరు భజనల్లో పాడతారా? పాడేవాళ్లయితే ఇది రెండుసార్లు చదవండి.

క్యాన్సర్ భయం ఎక్కడ నుంచి వచ్చిందో చెబుతాను. 2002 జులైలో అమెరికాలో 16,608 మంది ఆడవాళ్లతో జరుగుతున్న పెద్ద అధ్యయనాన్ని మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజెన్‌తో పాటు కృత్రిమ ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే మందు) కలిపి వేసుకున్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరిగింది, ఏడాదికి పదివేల మందిలో సుమారు ఎనిమిది కేసులు ఎక్కువ. పేపర్లలో అది చూసి నేను వారం తిరక్కుండా నా పేషెంట్లందరికీ మాత్రలు ఆపేశాను. 38 ఏళ్లకే అండాశయాలు తీయించుకున్నామెకి కూడా. ఇవాళైతే ఆ పని చెయ్యను. ఆ అధ్యయనంలో చేరినవాళ్ల సగటు వయసు 63, మనం ఇచ్చేది నలభైల్లో, యాభై మొదట్లో ఉన్నవాళ్లకి. రెండోది, గర్భసంచి లేని 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగం వేరేగా జరిగింది. దాంట్లో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. పక్షవాతం కొద్దిగా పెరిగింది, దాన్ని 2004లో ఆపింది కూడా అందుకే. తుంటి ఎముక విరగడం మూడో వంతు తగ్గింది. మీకు వర్తించేది ఈ రెండో భాగం. మీకు గర్భసంచి లేదు కాబట్టి, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) లాంటిది లేకపోతే, ప్రొజెస్టెరాన్ అవసరమే లేదు.

మీరు నా దగ్గరికి వస్తే ఏం చేస్తానో చెబుతాను. ముందు ఆ కాయితం. దొరక్కపోతే పొట్ట స్కాన్‌లో అండాశయాలు కనబడతాయేమో చూస్తాను, ఈ వయసుకి చిన్నవైపోతాయి కాబట్టి కనబడనంత మాత్రాన తీసేశారని కాదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, రక్తశాతం, థైరాయిడ్, ఒక మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే). ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉందా, మీకు ఎప్పుడైనా కాల్లో రక్తం గడ్డకట్టిందా, పక్షవాతం, గుండెపోటు, కాలేయం జబ్బు ఉన్నాయా అని అడుగుతాను. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, గడ్డలు కట్టినవాళ్లకి మామూలుగా ఈస్ట్రోజెన్ ఇవ్వం. వాళ్లకి సెగలు తగ్గించే వేరే మాత్రలున్నాయి.

ఇవన్నీ బాగుంటే, అండాశయాలు ఉంచి నాలుగేళ్ల కిందట అవి ఆగిపోయిన కేసే అయితే, మీరు చికిత్సకి సరైన సమయంలోనే ఉన్నారు. అరవై లోపు వయసు, ముట్లుడిగి పదేళ్ల లోపు, వేరే అడ్డంకులు లేకపోవడం, ఇలాంటివాళ్లకి నష్టం కంటే లాభమే ఎక్కువని అమెరికా మెనోపాజ్ సొసైటీ 2022లో కూడా చెప్పింది. కాయితంలో బీఎస్ఓ అని ఉంటే లెక్క మారుతుంది. 36 నుంచి అంటే పదకొండేళ్లు. అప్పుడే మొదలుపెట్టి కనీసం యాభై దాకా ఇవ్వాల్సిన మందు మీకు అందలేదు. అలాగైతే గుండె, ఎముకల సాంద్రత చూడనిదే మొదలుపెట్టను, మొదలుపెడితే చాలా తక్కువ మోతాదుతోనే.

మందు విషయానికొస్తే నా ఓటు జెల్‌కి. 0.06 శాతం ఎస్ట్రడయోల్ జెల్, ఒక్క నొక్కుకి 0.75 మిల్లీగ్రాములు వస్తుంది. స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరాక చేతులకో తొడలకో పల్చగా రాసుకోవాలి. చెమట మీద రాస్తే సగం చీరకే పోతుంది. ఆరేదాకా ఆగి, రాసిన చోటు మీద బట్ట కప్పుకున్నాకే మనవళ్లని ఎత్తుకోండి, పిల్లల ఒంటికి అంటకూడదు. చర్మం దారి కాబట్టి, పెల్లెట్‌లో చెప్పుకున్న కాలేయం లాభం ఇందులోనూ ఉంది. ఎక్కువైందనిపిస్తే రేపటి నుంచి తగ్గించుకోవచ్చు, వద్దనుకుంటే మానెయ్యొచ్చు. రోజూ రాసుకోవడం విసుగనిపిస్తే మాత్ర ఒక మిల్లీగ్రాముతో మొదలుపెడతాం. నెలకి అయ్యే ఖర్చు వందల్లోనే. రెండు మూడు వారాల్లో సెగలు సర్దుకోవడం మొదలవుతుంది, పూర్తి ఫలితం చూడాలంటే మూడు నెలలు ఆగాలి. మోకాళ్లకి మాత్రం దీన్ని నమ్ముకోకండి, వాటి అరుగుదల వేరే లెక్క. ఒక ఎక్స్‌రే, విటమిన్ డి పరీక్ష చేయించండి.

ఇదంతా విన్నాక కూడా పెల్లెట్టే కావాలంటే మూడు విషయాలు అడగండి. ఏ హార్మోన్, ఎన్ని మిల్లీగ్రాములు, పెట్టాక రక్తంలో మట్టం ఎన్నాళ్లకోసారి చూస్తారు. కాయితం మీద రాసివ్వమనండి, రాసివ్వకపోతే లేచి వచ్చెయ్యండి. పెట్టాక కొద్ది రోజులు గొంతుక్కూర్చోకూడదు, బరువులెత్తకూడదు, కాలవలో దిగి స్నానం చెయ్యకూడదు. గాటు మానకుండా ఈ పనులు చేస్తే చీము పట్టడమో, గుళిక బయటికి వచ్చెయ్యడమో జరుగుతుంది. నాట్ల రోజుల్లో అయితే అసలు వద్దు.

మీ ఆడపడుచుకి ఫోన్ చేసినప్పుడు గర్భసంచి ఉందా అని అడగండి. ఉంటే రాత్రి ప్రొజెస్టెరాన్ మాత్ర వేసుకుంటోందా, ఈ ఏడాదిలో ఒక్కసారైనా స్కాన్ తీయించుకుందా కనుక్కోండి. డిశ్చార్జి కాయితం మీ పాత బీరువాలో దొరికితే టీఏహెచ్ పక్కన ఏం రాసి ఉందో చూసి నాకు రాయండి, మోతాదు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.